సిలికా ఫ్యూమ్ కలిపినా స్లాబ్ ఎందుకు నెర్రెలిచ్చింది?

ప్రశ్న: హైదరాబాద్ నల్లగండ్లలో రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్‌కు సైట్ ఇంజనీరుని. ఏప్రిల్ ఆఖర్లో మొదటి బ్లాక్ సెల్లార్ మీది స్లాబ్ వేశాం. ఎం30 గ్రేడు (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బలం), ఆర్ఎంసీ, అంటే ప్లాంటులో కలిపి బండిలో వచ్చే కాంక్రీటు. ప్లాంటు ఇచ్చిన కాగితంలో క్యూబిక్ మీటరుకు సిమెంటు, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిపి 360 కిలోలు, నీళ్లు 162 లీటర్లు ఉన్నాయి. ‘వాటర్‌ప్రూఫ్ అవుతుంది, బలం పెరుగుతుంది’ అని డీలర్ చెబితే మైక్రో సిలికా (సిలికా ఫ్యూమ్) 10 శాతం తెప్పించి, 6 క్యూబిక్ మీటర్ల బండి ఒక్కోదానిలో 20 కిలోల బస్తాలు 11 పోసి రెండు నిమిషాలు తిప్పించాం. కాంక్రీటు గట్టిపడిపోతే బండికి సుమారు 180 లీటర్ల నీళ్లు పోసి పంపు చేశాం. పొద్దున 11 గంటలకు మొదలుపెట్టాం. సాయంత్రం 4 కల్లా ముందు పోసిన భాగమంతా పగుళ్లే. 28 రోజులకు పరీక్షించిన క్యూబుల (కాంక్రీటు దిమ్మల) బలం మామూలు ఎం30 కంటే ఎక్కువేమీ రాలేదు. పగలగొట్టిన క్యూబులో ముదురు బూడిదరంగు ఉండలు కనిపించాయి. ఈ సరుకు నిజంగా పనిచేస్తుందా? రెండో బ్లాకు రాఫ్ట్ (భవనం మొత్తం కింది మందపాటి పునాది పలక), రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే సెల్లార్ గోడ), సంప్, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి) ట్యాంకుల్లో వాడాలా? వాడితే ఎంత, ఎలా?

సమాధానం: సరుకు పనిచేస్తుంది. మీ స్లాబులో దాన్ని పని చేయనివ్వలేదు. బండిలో పోసిన నీళ్లు దాని బలాన్ని మింగేశాయి, రెండు నిమిషాల తిప్పుడుకు ఉండలు విడలేదు, ఏప్రిల్ ఎండలో పైతలాన్ని వదిలేశారు. రెండో బ్లాకులో రిటైనింగ్ వాల్‌కు వాడుకోవచ్చు, సంప్‌కు మీ ఇష్టం. రాఫ్ట్‌కు, స్లాబులకు అక్కర్లేదు. ఎస్టీపీకి అదొక్కటే చాలదు. కారణాలు చూద్దాం.

సిలికా ఫ్యూమ్, మైక్రో సిలికా రెండూ ఒకటే. సిలికాన్, ఫెర్రోసిలికాన్ తయారుచేసే విద్యుత్ కొలిమిలో తెల్లరాయిని బొగ్గుతో సుమారు 2000 డిగ్రీల దగ్గర కరిగించినప్పుడు పైకి లేచే ఆవిరి, గాలి తగిలి చల్లబడి అతి సన్నని గుండ్లుగా మారుతుంది. పొగగొట్టం దగ్గరి సంచుల్లో పట్టుకునే పొడి అదే. ఒక్కో గుండు మైక్రాన్‌లో పదో వంతు, అయిదో వంతు ఉంటుంది. సిమెంటు గింజ దానికి వంద రెట్లు పెద్దది. 10 శాతం కలిపితే ఒక్కో సిమెంటు గింజకు లక్షకు పైగా సిలికా గుండ్లు వస్తాయి. ఆకారం స్ఫటికం కాదు, గాజులాంటిది. చర్యకు తొందరపడేది అందుకే.

కాంక్రీటులో అది చేసే పనులు రెండు. మొదటిది, సిమెంటు గింజల మధ్య నీళ్లు నిలిచే సందుల్లో దూరి కూర్చోవడం. రెండోది రసాయన చర్య. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది. ఆ సున్నం బలానికి పనికిరాదు, పైగా నీళ్లు పారితే కరిగి బయటికి వస్తుంది. సెల్లార్ గోడల మీద తెల్లటి చారలు చూస్తాం కదా, అదే. సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని, సిమెంటుకు బలాన్నిచ్చే జిగురు పదార్థంగానే మారుస్తుంది. ముఖ్యంగా ఇది జరిగేది కంకర రాయి చుట్టూ. మామూలు కాంక్రీటులో రాయికీ పేస్టుకీ మధ్య సన్నటి బలహీన పొర ఉంటుంది, నీళ్లు చేరేదీ సున్నం పేరుకునేదీ అక్కడే. మన గ్రానైటు కంకర ఎంత గట్టిదైనా పగులు ఆ పొర వెంటే నడుస్తుంది. సిలికా ఆ పొరను బిగిస్తుంది. అందుకే సరిగా చేసిన సిలికా క్యూబును పగలగొడితే పగులు రాయి చుట్టూ తిరగకుండా రాళ్లను చీల్చుకుంటూ పోతుంది.

ఇప్పుడు మీ నీళ్ల లెక్క. బండికి 180 లీటర్లు అంటే క్యూబిక్ మీటరుకు 30. కాగితంలోని 162తో కలిపి 192 లీటర్లు. బైండర్ (సిమెంటు, ఫ్లైయాష్ కలిపి) 360 కిలోలు, సిలికా 36 కిలోలు, మొత్తం 396. ముందు నీళ్లు-బైండర్ నిష్పత్తి 0.45. సిలికా కలిపాక 0.48 దాటింది. సిలికా కిలో సిమెంటు కిలో కంటే ఎక్కువ పని చేస్తుంది కదా అంటారా? యూరప్ ప్రమాణం ఈఎన్ 206 ఒక కిలో సిలికాను రెండు కిలోల సిమెంటుగా లెక్కగట్టనిస్తుంది. ఆ లెక్కనే వేద్దాం: 360కి 72 కలిపితే 432. 192ను 432తో భాగిస్తే 0.444. అంటే మొదటి 0.45కీ దీనికీ తేడా దాదాపు లేదు. బండికి 11 బస్తాలు పోసి తెచ్చుకున్న బలాన్ని ఆ డ్రమ్ము నీళ్లు తాగేశాయి. పైగా ఈ లెక్క ప్రతి గుండూ విడివిడిగా కలిసిందని అనుకుంటుంది. మీ క్యూబుల్లో ఉండలున్నాయి.

సిలికా పోయగానే కాంక్రీటు బిగుసుకోవడం సరుకు లోపం కాదు. సిలికా కిలోకు సుమారు 20,000 చదరపు మీటర్ల పైతలం ఉంటుంది. సిమెంటుకు 300, 350 ఉంటే గొప్ప. కొలిచే పద్ధతులు వేరైనా, మీ 36 కిలోల సిలికా పైతలం 360 కిలోల బైండర్ మొత్తం పైతలానికి అయిదారు రెట్లు. అంత తడవాలంటే నీళ్లు కావాలి. సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారుగా చేసే ద్రవం) లేకపోతే సిలికా కిలోకు ఇంచుమించు లీటరు నీళ్లు అదనంగా అడుగుతుంది. మీరు పోసిన 30 లీటర్లు దాదాపు అంతే. అందుకే సిలికాను పీసీఈ రకం సూపర్ ప్లాస్టిసైజర్ లేకుండా వాడకూడదు. స్లంపు (కాంక్రీటు జారుడును చూపే కొలత) తగ్గితే పెంచాల్సింది పీసీఈ. నీళ్ల లెక్క ప్లాంటు దగ్గరే ముగియాలి.

ఇంకో మాట. సిలికా కాంక్రీటు జిగటగా ఉంటుంది, 120 మిల్లీమీటర్ల స్లంపులోనే మొండిగా కనిపిస్తుంది. కానీ వైబ్రేటరు పెట్టగానే కదులుతుంది. మామూలు కాంక్రీటుకు 120 చాలుతుందనుకునే చోట దీనికి 160, 170 పెట్టుకోవాలి. మేస్త్రి కంటికి గట్టిగా ఉందని పైపు తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక పగుళ్లు. మామూలు స్లాబు వేశాక కాసేపటికి పైకి నీరు తేలుతుంది. మెరిసే ఆ నీటిపొర ఎండిపోయాకనే ఫినిషింగ్ చేయాలని మేస్త్రిలకు తెలుసు. ఆ నీరు ఒక రక్షణ కూడా. ఎండ ముందు దాన్ని తాగుతుంది, కాంక్రీటు లోపలి తడిని తాకదు. సిలికా సందులన్నీ మూసేస్తుంది కాబట్టి నీరు పైకి తేలదు. పంపు చేయడానికి, కంకర కిందికి దిగిపోకుండా ఉండటానికి అది వరం. హైదరాబాద్ ఎండాకాలంలో మాత్రం అదే ముప్పు. ఎండ నేరుగా లోపలి నీళ్లను లాగుతుంది, సన్నని సందుల్లో నీటి మట్టం వంగి గింజలను దగ్గరికి గుంజుతుంది, ఇంకా బలం రాని పైపొర చిరుగుతుంది. నీళ్లు ఇంకిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టే.

ఎంత వేగంగా ఆరిందో అంచనా వేయొచ్చు. గాలి 39 డిగ్రీలు, తేమ 25 శాతం, కాంక్రీటు 34 డిగ్రీలు, గాలివేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకోండి, అది ఏప్రిల్ మధ్యాహ్నానికి అతిశయోక్తి కాదు. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం గంటకు చదరపు మీటరుకు సుమారు 1.27 కిలోల నీరు ఆరుతుంది. మామూలు కాంక్రీటుకు గంటకు 1 కిలో దాటితే జాగ్రత్తలు తప్పవంటారు. సిలికా కలిపినదానికి ఆ హద్దు సగం, 0.5. మీరు రెండున్నర రెట్లలో ఉన్నారు. అదే పోత రాత్రి వేసి ఉంటే, గాలి 28 డిగ్రీలు, తేమ 50 శాతం, కాంక్రీటు 30, గాలివేగం 6 కిలోమీటర్లు అయితే లెక్క 0.44కు దిగుతుంది. అందుకని ఎండాకాలంలో సిలికా ఉన్న స్లాబు, నేల లాంటి ఏ పనైనా సాయంత్రం మొదలుపెట్టి తెల్లవారేలోపు ముగించండి. జూన్, జులైలలో ఎండ తగ్గిందని ధీమా పడొద్దు. అప్పటి పడమటి గాలి ఎండంత పనీ చేస్తుంది.

పోసి చదును చేసిన వెంటనే, ఫినిషింగ్ పూర్తయ్యేదాకా ఆగకుండా, సన్నని తుంపర గాలిలోకి కొట్టాలి. పొలాల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ లాంటిది చాలు, కొత్తదై ఉండాలి. తుంపర స్లాబు మీద గుంటలు కట్టకూడదు, పైన గాలి తేమగా ఉండాలి, అంతే. గాలి వచ్చే వైపు గ్రీన్ నెట్ కట్టండి. ఇది నీరు తేలే రకం కాదు, కాబట్టి దాని కోసం ఎదురుచూడకుండా తట్టడం, తాపీ పట్టడం ఒకే విడతలో ముగించి పాలిథిన్ షీటు కప్పేయండి. తాపీ జారడం లేదని పైన నీళ్లు చల్లి రుద్దితే పైపొర పెచ్చులుగా లేస్తుంది. షీటు కింద గట్టిపడ్డాక గోనె సంచులు, నీళ్లు. మర్నాడు పొద్దున మడులు కట్టి నీళ్లు నింపడం మన అలవాటు. సిలికా కాంక్రీటుకు ఆ పొద్దుటికే ఆలస్యం. ఫ్లైయాష్, సిలికా లాంటి మినరల్ అడ్మిక్స్చర్ ఉన్న కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం 10 రోజుల తడి అడుగుతుంది, వీలైతే 14 అంటుంది. 14 పెట్టండి.

పగిలిన స్లాబు సంగతి కూడా ఇక్కడే. ఇలాంటి పగుళ్లు పైన మిల్లీమీటరు దాకా వెడల్పుగా కనిపించి లోపలికి సన్నబడతాయి, కొన్ని కింది దాకా పోతాయి. పగుళ్ల మీద చిన్న మట్టికట్టలు కట్టి రెండు అంగుళాల నీళ్లు ఒకరోజు నిలపండి, కింద సెంట్రింగ్ విప్పిన చోట తడి మరకలు చూసి సుద్దతో గుర్తు పెట్టండి. ఆరాక, 0.3 మిల్లీమీటర్లకు మించినవాటిని దుమ్ము ఊది, పల్చటి ఎపాక్సీ పైనుంచి పోసి ఇంకనివ్వడం మామూలు వైద్యం. నీళ్లు కిందికి దిగిన చోట కిందివైపు ముందు సీల్ చేయాలి, లేకపోతే ఎపాక్సీ అంతా సెల్లార్‌లో ఉంటుంది. పగులు దూలం మీదుగా గానీ కాలమ్ చుట్టూ గానీ ఒకే తీరున పోతే అది ఎండ పగులేనని అనుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. సిమెంటు పాలు పోసి చీపురుతో నెట్టడం వల్ల పగులు కనిపించకుండా పోతుంది, మూసుకోదు.

సరిగా కలిపి, సరిగా తడిపితే గట్టిపడ్డ కాంక్రీటులో మారేవి ఇవి. బలం పెరుగుతుంది, ఎక్కువగా 3 నుంచి 28 రోజుల మధ్య. ఫ్లైయాష్ లాగా నెలలు ఆగక్కర్లేదు. ఎం60, ఆ పై గ్రేడుల కాంక్రీటులో సిలికా మాట వచ్చేది అందుకే. కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రం కంటైన్మెంట్‌కు ఎం60 సిలికా ఫ్యూమ్ కాంక్రీటు వాడారు, ముంబయి జేజే ఫ్లైఓవరుకు ఎం75. కోకాపేట, నానక్‌రాంగూడ లాంటి చోట్ల నలభై అంతస్తుల భవనానికి కింది కాలమ్ సన్నగా రావాలంటే దాని అవసరం ఉంది. మీ ఎం30కి బలం కోసం సిలికా కొనడమంటే చెరకు బండికి విమానం ఇంజను కట్టడం. నీళ్లు 10 లీటర్లు తగ్గించి పీసీఈ కొంచెం పెంచితే ఆ బలం చౌకగా వస్తుంది.

బలం పెరిగినంతగా మిగతావి పెరగవు. బరువుకు వంగకుండా నిలిచే బిగువు, అంటే స్థితిస్థాపక గుణకం, కొద్దిగానే పెరుగుతుంది. లాగుడు బలమూ అంతే. పైగా పెళుసుతనం వస్తుంది. నిష్పత్తి 0.40 కంటే కిందికి పోతే, బయటికి నీళ్లు ఆరకపోయినా లోలోపలే తడి ఖర్చయి కాంక్రీటు ముడుచుకుంటుంది. ఈ ముడుచుకోవడం సిలికా పెరిగేకొద్దీ పెరుగుతుంది. రాఫ్ట్‌కు అతుక్కుపోయిన పొడవాటి గోడల్లో నిలువు పగుళ్లకు ఇదో కారణం. మంటల విషయమూ ఉంది. మరీ దట్టమైన కాంక్రీటులో వేడికి ఆవిరి బయటపడే దారి లేక పెచ్చులు పేలతాయి. ఎక్కువ గ్రేడు కాంక్రీటులో సిలికా సిమెంటు బరువులో 6 శాతానికి చేరితే యూరోకోడ్ ప్రత్యేక జాగ్రత్తలు అడుగుతుంది, వాటిలో ఒకటి క్యూబిక్ మీటరుకు 2 కిలోల పాలీప్రొపిలిన్ నార. ఎం30, ఎం40 పనికి ఇది మీ తలనొప్పి కాదు.

సిలికా నిజమైన లాభం నీళ్లు, ఉప్పు చొరబడకపోవడంలో ఉంది. సందులు తెగిపోతాయి, విద్యుత్ నిరోధం పెరుగుతుంది, క్లోరైడ్ నెమ్మదిస్తుంది. ఆర్‌సీపీటీ (క్లోరైడ్ చొరబాటును విద్యుత్తుతో అంచనా వేసే) పరీక్షలో 1000 కూలూంబులకు లోపు వస్తే చాలా తక్కువ చొరబాటు అని అర్థం, మంచి సిలికా కాంక్రీటు ఆ గడిలో పడుతుంది. కోతకూ నిలుస్తుంది. అమెరికాలో కిన్జువా డ్యాం కింద నీళ్లు విరుచుకుపడే స్టిల్లింగ్ బేసిన్‌ను 1983లో సిలికా కాంక్రీటుతోనే బాగుచేశారు. సముద్రం ఒడ్డున, వంతెన డెక్కు మీద, మంచు మీద ఉప్పు చల్లే దేశాల్లో దీన్ని అంతలా వాడేది స్టీలు తుప్పు భయంతో. హైదరాబాద్ రాతినేలలో ఆ ఉప్పు భయం తక్కువ. ఇక్కడ సెల్లార్‌కు వచ్చే సమస్య రాతి పగుళ్లలోంచి వానాకాలం ఊరే నీటి ఒత్తిడి.

ఆ నీరు కాంక్రీటు గుండా ఇంకి రాదు. గోడకు రాఫ్ట్‌కు మధ్య జాయింటులోంచి, రెండు పోతల మధ్యనుంచి, షట్టరు బిగించిన టై రాడ్ బొక్కల్లోంచి, హనీకోంబ్ (కాంక్రీటు సరిగా నిండక బొక్కలు) అయిన మూలల్లోంచి వస్తుంది. ఆ నాలుగు చోట్లా సిలికా ఉన్నా లేకపోయినా తేడా లేదు. కాబట్టి సిలికా బస్తాల కంటే ముందు ఖర్చు ఇక్కడ పెట్టండి: రాఫ్ట్‌తోపాటే 150 మిల్లీమీటర్ల కిక్కరు (గోడ అడుగు గట్టు) పోసి అందులో, జాయింటు గుండా నీళ్లు రాకుండా ఆపే పీవీసీ వాటర్‌బార్ సగం పాతండి. గోడ పోసే ముందు కిక్కరు పైని సిమెంటు పాలపొర కొట్టి కంకర కనిపించేలా గరుకు చేసి, నీళ్లతో కడిగి తడిగా ఉంచండి. టై రాడ్ బొక్కలను ముడుచుకోని గ్రౌట్‌తో రెండు వైపులనుంచీ నింపండి. వాటర్‌బార్ వైబ్రేటరు తగిలి పక్కకు వంగకుండా కడ్డీలకు వైరుతో కట్టండి, ఎక్కువ లీకులు పుట్టేది వంగిన వాటర్‌బార్ దగ్గరే.

ఇక మీ నాలుగు పనులు. రాఫ్ట్ మందంగా ఉంటుంది కనుక అక్కడ శత్రువు వేడి. సిలికా మొదటి రోజుల్లోనే చర్య జరుపుతుంది, వేడి తగ్గించడంలో సాయపడదు. రామగుండం నుంచి వచ్చే లాంటి మంచి ఫ్లైయాష్ 25, 30 శాతం, లేదా స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం పొడి) 50 శాతం పెట్టించండి. నీళ్లు చొరబడకపోవడం దానితోనే చాలావరకు వస్తుంది, ఖర్చూ తక్కువ. సంప్‌కు ఎం30, నిష్పత్తి 0.45 లోపు, మంచి క్యూరింగ్ ఉంటే చాలు. గోడతోపాటే పోస్తుంటే అదే కాంక్రీటు వాడినా నష్టం లేదు. ఎస్టీపీ ట్యాంకులో నీటిమట్టం పైన, మురుగు వాయువునుంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లం సున్నాన్నీ తింటుంది, సిలికా చేసిన జిగురునూ తింటుంది. సిలికా ఆ కోతను కాస్త నెమ్మదింపజేస్తుందేమో గానీ ఆపదు. అక్కడ లోపల ఎపాక్సీ పూతో, ఏదైనా లైనింగో తప్పదు. పైకప్పు అడుగు భాగాన్ని మరిచిపోవద్దు, ముందు పోయేది అదే.

రిటైనింగ్ వాల్‌కు ట్రయల్ మొదలుపెట్టడానికి ఒక మిక్స్. ఎం40 అనుకుని, క్యూబిక్ మీటరుకు: 53 గ్రేడు ఓపీసీ (ఫ్లైయాష్ కలపని మామూలు సిమెంటు) 300 కిలోలు, ఫ్లైయాష్ 75, సిలికా ఫ్యూమ్ 25, మొత్తం 400. నీళ్లు 152 లీటర్లు, నిష్పత్తి 0.38. పీసీఈ 4 కిలోలతో మొదలుపెట్టి స్లంపు చూసి సవరించాలి. రోబో శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) 755, 20 మిల్లీమీటర్ల కంకర 650, 12 మిల్లీమీటర్లది 435 కిలోలు. ఇసుక, కంకర బరువులు లోపల తడిసి పైన ఆరిన స్థితిలో వేసినవి. రోబో శాండ్‌లో తేమ ఎంతుంటే నీళ్లలోంచి అంత తీసేయాలి. సిలికా ఇక్కడ మొత్తం బైండర్‌లో 6 శాతం పైచిలుకు. ఐఎస్ 456 చెప్పే మామూలు మోతాదు సిమెంటు బరువులో 5 నుంచి 10 శాతం. ఫ్లైయాష్ ఉన్నప్పుడు 10 దాకా పోవాల్సిన పని లేదు, ఉన్న సున్నం కోసం ఇద్దరూ పోటీపడతారు. పీపీసీ వాడే ప్లాంటు అయితే ఆ సిమెంటులో ఫ్లైయాష్ ముందే ఉంటుంది కాబట్టి పైన మళ్లీ కలపనివ్వొద్దు. 25 కిలోల బస్తా దొరికితే క్యూబిక్ మీటరుకు సరిగ్గా ఒక బస్తా, లెక్క తప్పదు.

బండిలో పోయడం ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చెప్పాలి. అచ్చం పుట్టినట్టు ఉన్న సిలికా పొగలా తేలిపోతుంది. రవాణా కోసం గాలితో దొర్లించి చిన్న చిన్న గింజలుగా గట్టిపరుస్తారు. బస్తాల్లో దొరికేది ఎక్కువగా ఆ రకమే. ఆ గింజలను విరగ్గొట్టేది కంకర రాపిడి. అప్పటికే కలిసి మెత్తబడ్డ కాంక్రీటులో పోస్తే అవి గవ్వల్లా దొర్లుతాయి తప్ప విరగవు. మీ క్యూబులో ముదురు ఉండలు అవే. నష్టం వట్టి సిలికా వృథా కావడంతో ఆగదు. పెద్ద ఉండలు తర్వాతి ఏళ్లలో సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి ఉబ్బగలవు. కంకర-క్షార చర్యను (క్షారాలతో కంకర ఉబ్బి కాంక్రీటు పగలడాన్ని) ఆపడానికి వాడే పదార్థమే, విడకపోతే ఆ చర్యకు తానే గింజ అవుతుంది.

అందుకని సిలికా ప్లాంటు మిక్సరులోనే పడాలి. వరుస ఇది: ముందు కంకర మొత్తం, నీళ్లలో మూడొంతులు, వాటిలోకి సిలికా మెల్లగా, ఒకటిన్నర నిమిషం. తర్వాత సిమెంటు, ఫ్లైయాష్, మళ్లీ ఒకటిన్నర నిమిషం. ఆపైన ఇసుక, మిగిలిన నీళ్లతో పీసీఈ, ఇంకో 3 నుంచి 5 నిమిషాలు. బ్యాచింగ్ ప్లాంటు వాళ్లు సణుగుతారు, వాళ్ల మామూలు చక్రం నిమిషంలోపే. ట్విన్ షాఫ్ట్ మిక్సరు బలమైనది కాబట్టి సమయం కొంత తగ్గించుకోవచ్చు, వరుస మాత్రం మార్చొద్దు. ఖాళీ తడి మిక్సరులో సిలికాను ముందుగా ఒంటరిగా పోస్తే గోడలకు అంటుకుని ముద్దలవుతుంది. బండిలోనే కలపాల్సి వస్తే డ్రమ్మును మూడొంతులకు మించి నింపకుండా, నిండు వేగంతో వంద చుట్లకు తక్కువ కాకుండా తిప్పాలి, అప్పుడూ ముందు పడాల్సింది కంకర, నీళ్లు, సిలికాయే. కాగితపు బస్తాను అలాగే విసిరేయడం మానండి, కాగితం ముక్కలు పంపులో ఇరుక్కుంటాయి.

సైటులోని మిల్లరులో (చిన్న మిక్సరులో) చిన్న పని చేస్తే, తూకం తప్పనిసరి. సిమెంటు బస్తాకు 3 కిలోలు. తట్టతో, డబ్బాతో కొలవొద్దు. గట్టిపరిచిన సిలికా లీటరుకు 500 నుంచి 700 గ్రాములే, సిమెంటు 1440. సిమెంటు డబ్బాతో కొలిస్తే సగం కూడా పడదు. గట్టిపరచని రకమైతే ఇంకా తక్కువ. కలిపేవాళ్లకు ఎన్95 మాస్కు ఇవ్వండి.

కొనేటప్పుడు ఒక మోసం ఉంది. ‘సిలికా పౌడర్’ పేరుతో తెల్లరాయి పిండి అమ్ముతారు. రసాయనంగా అందులోనూ 95 శాతానికి పైగా సిలికానే ఉండొచ్చు, కానీ అది స్ఫటికం, సున్నంతో మన కాలంలో చర్య జరపదు, ఊపిరితిత్తులకు మాత్రం ప్రమాదం. గుర్తుపట్టడం తేలిక. గట్టిపరిచిన అసలు సిలికా 20 కిలోల బస్తా 30 నుంచి 40 లీటర్ల చోటు పడుతుంది, అంతే బరువు రాతిపిండి అందులో సగానికి దిగుతుంది. వేళ్ల మధ్య రుద్దితే అసలుది మసిలా అంటుకుంటుంది, రాతిపిండి కరకరలాడుతుంది. ఐఎస్ 15388 ప్రకారం సిలికా 85 శాతానికి తగ్గకూడదు, పైతలం గ్రాముకు 15 చదరపు మీటర్లకు తగ్గకూడదు. టెస్ట్ సర్టిఫికెట్‌లో రెండో అంకె లేకపోతే మొదటి అంకెకు విలువ లేదు. ఊక బూడిద మైక్రో సిలికాకు సమానమని చెప్పేవాళ్లూ వస్తారు. అదుపు చేసిన వేడిలో కాల్చి మెత్తగా నూరిన ఊక బూడిద నిజంగా మంచిదే. మిల్లు బాయిలరులోంచి వచ్చే నల్లబూడిద ఆ సరుకు కాదు, అందులోని బొగ్గు పీసీఈని తాగేస్తుంది.

పోతకు ముందు ప్లాంటు దగ్గర ట్రయల్ వేయించి, సిలికా ఉన్నదీ లేనిదీ రెండు రకాలూ క్యూబులు తీయండి: 7 రోజులకు మూడు, 28 రోజులకు మూడు. స్లంపును తయారవగానే ఒకసారి, 90 నిమిషాలకు మరోసారి చూడండి, నల్లగండ్ల ట్రాఫిక్‌కు అది అవసరం. నీళ్ల చొరబాటు పరీక్షకు ఒక్కో రకానికి మూడు నమూనాలు పంపండి, 5 బార్ల ఒత్తిడిలో మూడు రోజులు పెట్టి చీల్చి, తడి ఎంత లోతు పోయిందో కొలుస్తారు. ఫ్లైయాష్ ఒక్కటే వేసిన నమూనాలో తడి 25 మిల్లీమీటర్ల లోపే ఆగితే, గోడకు కూడా సిలికా మానేసి ఆ డబ్బు వాటర్‌బార్‌కు, గోడకు కట్టే తడి గోనెలకు పెట్టండి. సిలికానే ఎంచుకుంటే షట్టర్లు మర్నాడే విప్పకుండా కనీసం మూడు రోజులు ఉంచి, పైనుంచి నీళ్లు వదలండి. విప్పిన గంటలోనే గోనె చుట్టండి. సైటుకొచ్చిన ప్రతి బండి చలానా మీద మీరు నీళ్ల గడి చూసి సంతకం పెట్టాలి, పంపు దగ్గర నీళ్ల పైపు కనెక్షన్ పోత రోజు తీసి ఉంచాలి.